దళసరి కార్డులు

జులై 5, 1999, సోమవారం

కంపెనీ వందేళ్ళ పండగకని పనిచేసేవాళ్ళందరికీ తలా ఒక నోటుబుక్కు పంచారు. నల్ల అట్ట, దాని మీద వెండిరంగు వెండ్‌మార్ గుర్తు. నాకు డైరీ రాసే అలవాటు లేదు. కానీ మంచి కాగితం ఖాళీగా పడి ఉంటే నాకు ఊపిరాడదు. ఇది నాన్న నుంచి వచ్చిన జబ్బు. రొట్టెల కొట్టువాడిచ్చిన చీటీ వెనక కూడా రాసుకునే మనిషి ఆయన. అందుకని రాస్తున్నాను.

ఈ రోజు ఫెష్ట్‌నర్ గారు నా గదికి వచ్చారు. ప్రచార విభాగానికి పెద్ద. వయసులో నాకంటే ఇరవై ఏళ్ళు చిన్న. నా పాత కాగితాల గదిలోకి వచ్చినప్పుడల్లా కోటుకి దుమ్ము అంటుతుందేమోనని నిలబడే మాట్లాడతారు. సెప్టెంబర్ 18న పండగ రోజు, కొత్త అద్దాల హాలులో రాపొల్డ్ బీరువా పెడతారట. నాన్నని వేదిక మీదకి పిలిచి వెండి బిళ్ళ తగిలిస్తారట. ఎనభై ఏడేళ్ళ మనిషి, మెట్లెక్కగలరా అని అడిగారు. ఆయన మా మూడంతస్తుల మెట్లు ఇప్పటికీ తనే ఊడుస్తాడు అని చెప్పాను.

రాపొల్డ్ బీరువా అంటే నాన్న బీరువాయే. మూడు వందల పన్నెండు సొరుగులు. 1899 నుంచి మా కంపెనీ చేసిన ప్రతి బండిలో ఉన్న ప్రతి భాగానికీ ఒక కార్డు. పోయినేడాది అర్జెంటీనా నుంచి ఎవరో 1924 నాటి లారీకి ఒక మర కావాలని రాస్తే, విడిభాగాల కౌంటరులో హార్ట్‌మూట్ రెండు నిమిషాల్లో కార్డు తీశాడు. 'వెండ్‌మార్ ఏదీ పారేయదు' అని ప్రకటనల్లో ఊరికే వేయలేదు. ఆ కార్డులన్నీ 1946 చలికాలంలో, దేశంలో కాగితం ముక్క దొరకని రోజుల్లో, నాన్న ఒక్కడే చేతులతో తయారుచేశాడు. ఎంత దళసరిగా ఉంటాయంటే సొరుగులో సైనికుల్లా నిటారుగా నిలబడతాయి. గురువారం గురువారం చూడ్డానికి వచ్చేవాళ్ళకి ఆ కథ చెప్పేది నేనే. బొటనవేలితో తడిమి చూసి చప్పట్లు కొడతారు.

టపాలో ఉక్రెయిన్ నుంచి ఒక ఉత్తరం. రేపు చూస్తాను.

జులై 6

పరస్కా కొవ్‌తున్ అనే ఆవిడ. డెబ్బై రెండేళ్ళు. పోల్తావా దగ్గర పల్లె. ఆ ఊరి బడిలో జర్మన్ చెప్పే టీచరమ్మ చేత రాయించింది. 1942లో, యుద్ధం నడుస్తుండగా, ఆవిడనీ, అక్క ఉల్యానానీ మన సైనికులు బలవంతంగా రైల్లో తీసుకొచ్చి మా కార్ఖానాలో పనికి పెట్టారట. ఏడాది తర్వాత ఈవిడని ఒక రైతు దగ్గరికి మార్చారు. అక్క ఇక్కడే ఉండిపోయింది. ఆ తర్వాత కబురు లేదు. 'నాకు ఇంకేమీ వద్దు. మా అక్కని ఎక్కడ పూడ్చారో చెప్పండి. అక్కడి మట్టి ఒక గుప్పెడు పంపండి. నన్ను పూడ్చేటప్పుడు నా పక్కన వేయమని పిల్లలకి చెబుతాను' అని రాసింది. 1992లో కూడా ఒకసారి రాశానని గుర్తుచేసింది.

ఫైలు తీసి చూశాను. నిజమే. ఇలాంటి ఉత్తరాలకి నేను రాసేవాటిలో అప్పటి జవాబు నంబరు 97. ఈ రోజు జవాబు నంబరు 143. 'విచారంతో తెలియజేస్తున్నాము. ఆ కాలపు పనివాళ్ళ కాగితాలన్నీ 1945 ఏప్రిల్ 16 నాటి బాంబు దాడిలో కాలిపోయాయి.' సంతకం, ముద్ర, నకలు. పదకొండు నిమిషాలు పట్టింది. వచ్చిన ఉత్తరానికి వచ్చిన రోజునో మర్నాడో జవాబు రాయడం నా నియమం. ఇరవై ఏళ్ళలో ఒక్కటీ తప్పలేదు.

జులై 19

పెద్ద వాన. మధ్యాహ్నం అద్దాల హాలు కప్పులోంచి నీళ్ళు. బీరువాని శుక్రవారమే అక్కడికి చేర్చారు! హార్ట్‌మూట్ చొక్కా విప్పి దాని మీద కప్పాడు, నేను బకెట్లు పెట్టాను. నాలుగు సొరుగులు తడిసిపోయాయి. కార్డులు తీసి బల్లల మీద పరిచాం.

ఒక కార్డు మూల విడిపోయింది. అది ఒక కార్డు కాదు. జిగురు పెట్టి అంటించిన రెండు కార్డులు. హార్ట్‌మూట్ గోరుతో మెల్లగా విప్పాడు.

లోపల ఒక ఫొటో. తలకి గుడ్డ కట్టుకున్న ఆడపిల్ల. నంబరు 2207. పేరు. పుట్టిన సంవత్సరం 1925.

జులై 20

మెట్లు ఊడ్చాను. ఈ భవనంలో ఇంటికొక వారం వంతు. ఈ వారం వంతు మాది కాదు.

జులై 21

మొన్నటి సంగతి సరిగ్గా రాయాలి.

రెండు పల్చని కార్డుల్ని, రాత ఉన్న వైపులు లోపలికి వచ్చేలా కలిపి అంటించారు. ఖాళీ వైపులు బయటికి వచ్చాయి. వాటి మీద విడిభాగాల వివరాలు. అందుకే ఆ దళసరితనం. అందుకే యాభై మూడేళ్ళుగా ఎవరికీ ఏమీ కనబడలేదు. నాలుగు సొరుగుల్లో తడిసినవన్నీ అంతే. ప్రతి కార్డు లోపలా ఇద్దరు మనుషులు, మొహాలు ఒకరికొకరు ఆనించుకుని.

కాలిపోలేదు. ఒక్కటీ కాలిపోలేదు. నేను నూట నలభై మూడు ఉత్తరాల్లో అబద్ధం రాశాను.

అబద్ధం అనకూడదు. నాకు తెలియదు కదా. 1979లో ఈ ఉద్యోగంలో చేరిన రోజున అడిగితే నాన్నే చెప్పాడు, కాలిపోయాయని.

ఇంకో సంగతి. లోపలి చేతిరాత, బయటి చేతిరాత ఒకేలా ఉన్నాయి. అయితే ఏమిటి? ఆ రోజుల్లో ఈ ఊరి బడిలో అందరికీ అక్షరాలు దిద్దించింది ఒక్కరే. అందరి రాతా అలాగే ఉంటుంది. యుద్ధంలో నాన్న విడిభాగాల గిడ్డంగిలో ఉన్నాడు. ఎడమ చేతి రెండు వేళ్ళు ప్రెస్సులో పోయాయి కాబట్టి సైన్యం తీసుకోలేదు. గిడ్డంగిలోనే ఉన్నాడు. చిన్నప్పటి నుంచీ వింటున్నదే.

జులై 23

ఫెష్ట్‌నర్ గారికి చూపించాను. మొదటిసారి నా గదిలో కూర్చున్నారు. చాలాసేపు ఒక్క కార్డునే చూస్తూ ఉండిపోయారు. ఆయన మొహం కూడా పాలిపోయింది, ఆ మాట ఒప్పుకోవాలి. తర్వాత లేచి తలుపు వేశారు.

బెర్లిన్‌లో ఇలాంటి పనివాళ్ళకి పరిహారం ఇవ్వడం మీద కంపెనీలతో చర్చలు నడుస్తున్నాయి, ఈ సమయంలో మన పేరు బయటికి రాకూడదు అన్నారు. తడిసిన నాలుగు సొరుగులూ తాళం వేసి ఉంచమన్నారు. వాటి స్థానంలో తెల్ల కార్డులు పెడతారట. పండగ అయ్యాక ఒక కమిటీ వేస్తారట.

"రాపొల్డ్ గారూ, యాభై ఏళ్ళు ఆగినవి ఇంకో రెండు నెలలు ఆగలేవా?" అన్నారు.

డెబ్బై రెండేళ్ళ మనిషి ఆగగలదా అని నేను అడగలేదు. సరేనన్నాను. నాకు పైవాళ్ళు చెప్పిందానికి సరేననడం అలవాటు.

ఆగస్టు 2

కార్ఖానా వేసవి సెలవులు మొదలు. మూడు వారాలు ఊరు ఊరంతా ఇటలీలో ఉంటుంది. పొగగొట్టాలు కూడా సెలవులో ఉన్నట్టు ఆకాశం నీలంగా ఉంది.

పొద్దున్న ఏడింటికి నా గదికి వచ్చేసరికి హార్ట్‌మూట్ అప్పటికే గుమ్మంలో ఉన్నాడు. చేతిలో స్పాంజి, అద్దుడు కాగితాలు, వాళ్ళావిడ కట్టిచ్చిన బంగాళాదుంపల సలాడ్ డబ్బా.

"గార్దా సరస్సుకి వెళ్ళలేదా?" అన్నాను.

"మా ఆవిడని పంపించేశాను. నాకు ఎలాగూ ఈత రాదు." డబ్బా బల్ల మీద పెట్టాడు. "ముప్పై ఏళ్ళుగా రోజూ ఈ కార్డులు తీస్తున్నాను రోస్వీటా. ఒక్కసారి కూడా ఇంత దళసరి ఎందుకా అనుకోలేదు. నా అంత బుద్ధిమంతుడు ఈ జిల్లాలోనే లేడు. చెప్పు, ఎవరిని వెతకాలి?"

ఉల్యానా కొవ్‌తున్ అని చెప్పాను. 1924లో పుట్టింది.

తడిసిన సొరుగుల్లో లేదు. కార్డులు విడిభాగాల నంబర్ల వరసలో ఉన్నాయి, మనుషుల వరసలో కాదు. అంటే ఆమె మూడు వందల పన్నెండింటిలో ఎక్కడైనా ఉండొచ్చు. రాత్రి తడి అద్దుడు కాగితం మధ్య పెట్టి, పొద్దున్న విప్పి, పేరు చూసి, రెండు ముక్కల్నీ కలిపి దారం కట్టి, మళ్ళీ అదే చోట పెట్టాలి. ఇవాళ్టికి అరవై విప్పాం.

ఆగస్టు 6

నిన్నటికి నాలుగు వందల పది. కార్డు మీద గడులు ఇలా ఉన్నాయి: నంబరు. వచ్చిన తేదీ. స్థితి. తీసివేత తేదీ. హార్ట్‌మూట్ మొదటి రోజే గుర్తుపట్టాడు. అది విడిభాగాల గిడ్డంగి ఫారమే. మనుషులకి వేరే ఫారం అచ్చువేయలేదు. స్థితి దగ్గర 'బాగుంది' అని ఉంటుంది. కొన్నింటిలో 'అరిగిపోయింది'.

మా నాన్న గిడ్డంగిలోనే ఉన్నాడు. అవును. ఇది గిడ్డంగి ఫారమే కదా.

ఆగస్టు 11

మధ్యాహ్నం పన్నెండున్నరకి సంపూర్ణ గ్రహణం. మబ్బుల వల్ల సూర్యుడు కనబడలేదు, ఊరు మాత్రం చీకటయింది. దీపం వేసుకుని పని చేశాం. దొరకలేదు.

ఆగస్టు 19

పరస్కా గారి నుంచి ఉత్తరం. 'ఇంత త్వరగా జవాబు రాసినందుకు ధన్యవాదాలు. 1992లో రాసిన ఉత్తరం కూడా నా దగ్గర ఉంది. రెండింటిలోనూ ఒకే వాక్యం ఉందని టీచరమ్మ చెప్పింది. మీరు మాట మార్చే మనిషి కాదని తెలిసింది. అందుకే మళ్ళీ అడుగుతున్నాను. ఎక్కడైనా ఒక చిన్న ముక్క మిగిలిందేమో చూడండి.'

నా నియమం ప్రకారం ఈ రోజే జవాబు రాయాలి. రాయలేదు.

ఆగస్టు 26, గురువారం

దొరికింది.

118వ సొరుగు. బయటి వైపు: 1938 మోడల్, ఎడమ తలుపు పిడి. లోపలి వైపు: 2291. కొవ్‌తున్, ఉల్యానా. వచ్చిన తేదీ 9.6.1942. స్థితి: బాగుంది. తీసివేత: 11.2.1944, ఊపిరితిత్తులు. పట్టణ శ్మశానం, తొమ్మిదో మడి, 31.

ఫొటోలో నవ్వడానికి ప్రయత్నించింది. ఫొటో తీస్తున్నారంటే నవ్వాలని ఎవరో నేర్పి ఉంటారు. పంతొమ్మిదేళ్ళు బతికింది.

హార్ట్‌మూట్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. దొరికినందుకు సంతోషించాలో ఏం చేయాలో నాకు తెలియలేదు.

తొమ్మిదో మడి. రెండుసార్లు చదివాను. ఇప్పుడు ఇంకేమీ రాయను.

ఆగస్టు 29, ఆదివారం

ఆదివారం మూడింటికి కింద నాన్న ఇంట్లో కాఫీ. రేగుపళ్ళలా పుల్లగా ఉండే నీలం పళ్ళతో కేకు చేశాను, ఆయనకి ఇష్టం. తిన్నాక బల్ల తుడిచి, కార్డు పెట్టాను. లోపలి వైపు పైకి.

ఆ నిమిషం వరకూ, ఇది వేరే ఎవరిదో చేతిరాత అంటాడనే నమ్మాను. నిజంగా నమ్మాను.

కళ్ళజోడు పెట్టుకుని దగ్గరగా చూశాడు.

"నాదే" అన్నాడు. "సిరా చూడు రోసీ, ఇంకా వెలవలేదు. ఇప్పుడలాంటి సిరా ఎక్కడ దొరుకుతుంది?"

నా చేతిలో కప్పు జారి పళ్ళెంలో పడింది. పగల్లేదు. వెండ్‌మార్ పాతికేళ్ళ ఉద్యోగానికి ఇచ్చిన కప్పు.

తర్వాత అంతా మామూలుగానే చెప్పాడు, వాతావరణం గురించి చెబుతున్నట్టు. 1942లో వాళ్ళు రైళ్ళలో వస్తుంటే లెక్క రాసే మనిషి కావలసి వచ్చిందట. గిడ్డంగి లెక్కలు బాగా రాస్తాడని ఆయన్ని పెట్టారట. 1945 ఏప్రిల్‌లో పరాయి సైన్యం రెండు రోజుల దూరంలో ఉండగా పైఅధికారి కార్డులన్నీ బాయిలర్‌లో వేయమన్నాడట. నాన్న పెట్టెల్ని ఆయన కళ్ళ ముందే వేశాడు. పెట్టెల్లో పాత పత్రికలు ఉన్నాయి. కార్డుల్ని బొగ్గుల గదిలో దాచాడు.

ప్రాణానికి తెగించి దాచాడన్నమాట. ఎందుకు దాచావని అడిగాను. ఆయన నోటి నుంచి ఒక్క మాట రావాలని దేవుడికి మొక్కుకున్నాను. ఆ ఒక్క మాట చెబితే మిగతాదంతా నేను క్షమించేదాన్ని.

"వాళ్ళ కోసమా నాన్నా?"

"ఎవళ్ళ కోసం?" అన్నాడు. అర్థం కానట్టు నా వైపు చూశాడు. "మంచి అట్ట అది. ఒక పక్కే రాసి ఉంది. వెనక ఖాళీగా ఉంది. తగలబెట్టడానికి మనసొప్పలేదు."

"రాతని లోపలికి పెట్టి అంటించావు."

"మరి బయటికి పెడితే నేనెక్కడ రాయను?"

నాతో కాలిపోయాయని ఎందుకు చెప్పావని అడిగాను. కాలిపోయాయని కంపెనీ చెప్పింది, కంపెనీ మాట నేను కాదంటానా అన్నాడు. ఇంకో కేకు ముక్క వేయమన్నాడు. వేశాను. ఎందుకు వేశానో నాకే తెలియదు.

ఆగస్టు 30

శ్మశానం ఆఫీసు. గుమాస్తా పెద్దాయన, మర్యాదస్తుడు. తొమ్మిదో మడి పాత పటం అటక మీద నుంచి తీశాడు. యాభై ఎనిమిది సమాధులు, చెక్క శిలువలు. పేర్లు లేవు. 'విదేశీ స్త్రీ', 'విదేశీ పురుషుడు', నంబరు. అంతే.

యుద్ధంలో ఇలా చనిపోయినవాళ్ళ సమాధులు ఎప్పటికీ కదపకూడదని చట్టం వచ్చినప్పుడు, 1966లో పట్టణం వాళ్ళు పేర్ల జాబితా కోసం కంపెనీకి రాశారట. జవాబు ఫైల్లోనే ఉంది. ఒకే వాక్యం. విచారంతో తెలియజేస్తున్నాము. కాలిపోయాయి. ఇంతకాలం ఆ వాక్యం నాది అనుకున్నాను. నాకు కూడా అది వారసత్వంగానే వచ్చిందని ఇవాళ తెలిసింది. పేర్లు లేవు, గడువు పొడిగించమని అడిగే బంధువులు లేరు. 1969లో శిలువలు తీసేసి, నేల చదును చేసి, కొత్తవాళ్ళకి ఇచ్చారు. మా ఊళ్ళో ఏ సమాధికైనా అదే పద్ధతి, ఎవరూ అడగకపోతే గడువయ్యాక చోటు ఇంకొకరికి వెళ్తుంది. కింద ఉన్నవాళ్ళని తీయలేదు, వాళ్ళు అక్కడే ఉన్నారు అన్నాడు.

కొత్త పటం తెచ్చి పాతదాని మీద పరిచి కిటికీ అద్దానికి ఆనించాడు. 31 ఎక్కడ పడుతుందో వేలు పెట్టి చూశాడు. తర్వాత నా ఇంటిపేరు మళ్ళీ ఒకసారి అడిగాడు.

ఆగస్టు 31

పోయిన శనివారం కూడా నీళ్ళు పోశాను. ఇరవై ఎనిమిదేళ్ళుగా ప్రతి శనివారం పోస్తున్నాను. మొక్కలు తెగ పెరుగుతాయి అక్కడ. అందరూ నా చేయి మంచిదంటారు.

సెప్టెంబర్ 4, శనివారం

అమ్మ సమాధి తొమ్మిదో మడిలో మూడో వరస. 31 అమ్మ కాళ్ళ దగ్గర పడుతుంది, అటూ ఇటూ ఒక అడుగు.

ఈ నాలుగు రోజులూ రాయలేకపోయాను. నేను ఆ చోటు పేరు ఆగస్టు 26నే చదివాను. చదివి, పట్టణంలో తొమ్మిదో మడి ఒక్కటే ఉందని తెలిసి కూడా, ఏమో, నంబర్లు మార్చి ఉంటారు అనుకున్నాను. ఎంత చక్కగా అనుకోగలనో నేను!

ప్రతి శనివారం పదింటికి నాన్న నీళ్ళ డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడతాడు. ఈ రోజు కూడా నిలబడ్డాడు. నేను చెప్పులు వేసుకోలేదు.

"1971లో అమ్మకి ఆ చోటు నువ్వే తీసుకున్నావు" అన్నాను.

"అవును."

"కార్డు మీద తొమ్మిదో మడి అని రాసిందీ నువ్వే."

మెట్ల మీద పక్కింటావిడ వస్తోంది. నాన్న ఆవిడకి నమస్కారం చెప్పి, ఆవిడ వెళ్ళేదాకా ఆగాడు.

"స్థలం ఖాళీగా ఉందన్నారు" అన్నాడు.

అదే మాట. కార్డుల వెనక వైపు గురించి చెప్పినప్పటి గొంతే. నాకు అరవాలనిపించింది. ఖాళీగా లేదని నీకు తెలుసు, ఈ భూమ్మీద తెలిసిన ఒకే ఒక్క మనిషివి నువ్వు అన్నాను. గట్టిగానే అన్నాను, మెట్ల పొడుగునా వినబడేలా. మా ఇంట్లో ఇంతవరకూ ఎవరూ గొంతు పెంచలేదు.

ఆయన డబ్బా కింద పెట్టాడు. పెట్టేటప్పుడు నీళ్ళు ఒలికాయి. ఊడ్చిన మెట్ల మీద. తుడవలేదు. లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

సెప్టెంబర్ 7

ఆయన భోజనానికి పైకి రాలేదు. పప్పు, సేమ్యాలు గిన్నెలో పెట్టి గుమ్మంలో ఉంచాను. గిన్నె కడిగి తిరిగి గుమ్మంలో పెట్టాడు.

సెప్టెంబర్ 10

ఫెష్ట్‌నర్ గారికి అంతా తెలిసిపోయింది. 118వ సొరుగులో దారాలు కనబడ్డాయి. కార్డు ఎక్కడ అని అడిగారు. నా సంచిలో ఉంది, దాన్ని పరస్కా గారికి పంపుతున్నాను, నకలు కాదు అసలే అని చెప్పాను. మాట మార్చలేదు.

అది కంపెనీ ఆస్తి అన్నారు. ఫొటోలో ఉన్న మొహం కూడానా అని అడిగాను. పండగ తర్వాత నా విషయం పైన తేలుస్తామని, పండగ రోజున హాలు దగ్గరికి రావద్దని చెప్పారు.

సెప్టెంబర్ 18, శనివారం

పొద్దున్న కిటికీలోంచి చూశాను. నాన్న నల్ల సూటు వేసుకుని కంపెనీ కారెక్కాడు. వెళ్ళడేమోనని ఎక్కడో ఒక మూల ఆశపడ్డాను. వెళ్ళాడు.

నేను పదింటికి శ్మశానానికి వెళ్ళాను. సంచిలో కార్డు, ఒక చిన్న పార, విడిభాగాలు పెట్టే రేకు డబ్బా. అమ్మ కాళ్ళ దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాను. తవ్వలేకపోయాను. అక్కడ తవ్వితే అమ్మని తవ్వినట్టుంది. తవ్వకపోతే ఉల్యానా మీద ఇంకో కార్డు అంటించినట్టుంది. అలా ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. పన్నెండు గంటలు కొట్టాయి.

కంకర మీద కారు ఆగిన చప్పుడు. హార్ట్‌మూట్ కారు. నాన్న దిగాడు, కోటుకి వెండి బిళ్ళ. హార్ట్‌మూట్ గేటు దగ్గరే ఆగిపోయాడు.

వేదిక మీద జరిగింది తర్వాత హార్ట్‌మూట్ చెప్పాడు. బిళ్ళ తగిలించాక, ఏదైనా ఒక కార్డు తీసి చూపించమని ఫెష్ట్‌నర్ గారు నాన్నని అడిగారట. నాన్న తిన్నగా 118వ సొరుగు దగ్గరికి వెళ్ళి, బొటనవేలితో కార్డుల మీద ఒకసారి నడిపించి, మైకులో అన్నాడట: "ఇక్కడ ఒకళ్ళు తక్కువున్నారు." కార్డు తక్కువుంది అనబోయి పొరపాటున అన్నాడనుకుని ఎనిమిది వందల మంది నవ్వి చప్పట్లు కొట్టారట. ఆయన నవ్వలేదట. రెండోసారి కూడా అదే మాట అన్నాడట, అప్పుడు చప్పట్లు ఆగిపోయాయట.

ఆయన నా పక్కన వంగలేక వంగి, ఒక చేత్తో అమ్మ రాయి పట్టుకుని కూర్చున్నాడు. మూడు వేళ్ళ చేత్తో మొక్కని పక్కకి జరిపి మట్టి తీశాడు. పార అడగలేదు. డబ్బా నిండాక, జేబులోంచి పెన్సిల్ తీసి మూత మీద చీటీ రాయబోయాడు. ఏ డబ్బా మీదైనా చీటీ రాయకుండా ఉండలేడు. 2291 అని రాశాడు. దాన్ని చూస్తూ ఉండిపోయి, కొట్టేశాడు.

కార్డు ఇమ్మని చేయి చాపాడు. ఇచ్చాను. పేరు మీద వేలు పెట్టాడు.

"ఇది ఎలా పలకాలి?" అన్నాడు. "రాయడమే కానీ ఎప్పుడూ పిలవలేదు."

"ఉల్యానా" అన్నాను.

ఆయన రెండుసార్లు అనుకుని చూసుకున్నాడు, పాఠం అప్పజెప్పే పిల్లాడిలా. మూడోసారి సగంలో ఆపి, మట్టి చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాడు. నేను ఆయన్ని ఓదార్చలేదు. ఓదార్చాలనిపించలేదు. లేవడానికి మాత్రం చేయి ఇచ్చాను.

సెప్టెంబర్ 20, సోమవారం

పొట్లం కట్టాను. కార్డు, డబ్బా, ఉత్తరం. నంబరు 144. రాయడానికి రెండు రోజులు పట్టింది.

'పరస్కా గారికి. 1992లోనూ, ఈ ఏడాది జులైలోనూ నేను మీకు రాసింది నిజం కాదు. కాగితాలు కాలిపోలేదు. ఇప్పటివరకూ ఇలా నూట నలభై మూడు ఉత్తరాలు రాశాను. ఉద్యోగం ఉన్నా పోయినా మొదటి దాని నుంచి మళ్ళీ మొదలుపెడతాను. మీ అక్క 1944 ఫిబ్రవరి 11న చనిపోయింది. కార్డు మీద రాసింది మా నాన్న. వెనక వైపున ఉన్నది కారు తలుపు పిడి బొమ్మ, అది కూడా ఆయన గీసిందే. క్షమించమని అడగడానికి ఆయనకి మాటలు రావు, నాకు మొహం లేదు.

మీరు అడిగిన మట్టి పంపుతున్నాను. ఒక్క విషయం మీకు తెలియాలి. ఆ చోట మీ అక్క పైన మా అమ్మని పూడ్చారు. మట్టి తీసేటప్పుడు ఎవరిది ఎంతో నాకు తెలియలేదు. ఈ డబ్బాలో మా అమ్మ కూడా ఉంది. వేరు చేయడం నాకు చేతకాలేదు.'